గడియారం నాడి

ఖుర్సీపార్, భిలాయి
17 నవంబరు 1996, ఆదివారం

బావకి,

మొగుడికి రాసే ఉత్తరంలో అన్నిటికంటే ముందు నమస్కారం ఉండాలని అత్త నా పక్కన కూచుని చెబుతోంది. సరే, నమస్కారం. ఇక్కడ మీ అమ్మ, రజని, నేను ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసా అని రాశావు. నువ్వు రాసినంత మాత్రాన నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పడానికే రజని నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపుకుని కూచున్నాను. తీరిగ్గా చదువు. గదిలో ఎవరైనా ఉంటే బయటికి పంపించి మరీ చదువు.

ముందు నువ్వడిగినవి. రజని పరీక్షలు బాగానే రాసిందట. నీ ఉత్తరం దాని చేతికిచ్చి చదవమంటే "మమ్మీ, పాపా కీ లిఖావట్ సమఝ్ మే నహీ ఆతీ" అని పారిపోయింది. నీ రాత నాకే సగం అర్థం కాదు, దాన్నని ఏం లాభం? వంటింటి కప్పు కారడం ఆగిందా అని అడిగావు. ఆగింది. వానలు ఆగాయి కాబట్టి ఆగింది. అత్తకి చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఆవనూనె కాచి రాస్తున్నాను. నోరు మాత్రం పట్టెయ్యలేదు, కంగారు పడకు. దీపావళికి నువ్వు లేవని నీ జోడీ నరసింగరావు వచ్చి రజని చేత చిచ్చుబుడ్లు కాల్పించాడు. అతనితో నాకు గొడవ కూడా అయింది. ఆ సంగతి తర్వాత.

ఇక ఆ కాగితం. నిరుడు మెడికల్ పరీక్ష తర్వాత ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపించమన్నావు. అది చూపిస్తే మళ్ళీ పరీక్ష లేకుండా ఇంకో రెండేళ్ళు నిన్ను వైజాగ్ స్టీల్ ప్లాంటులోనే ఉంచుతారని, ఆ కొత్త ఫర్నేసు గ్యాస్ గ్యాంగుకి నువ్వే పెద్దవని, గుమాస్తాతో మాట్లాడుకున్నానని రాశావు. ట్రంకు పెట్టెంతా వెతికాను, దొరకలేదు అని రాసేద్దామనుకున్నాను. అబద్ధం ఎందుకు? వెతకగానే దొరికింది. నా దగ్గరే ఉంది. పంపను.

ఎన్ని ఉత్తరాలు రాసినా పంపను, బావా. నీకిప్పుడు కోపం రాదని తెలుసు. నీకెప్పుడూ రాదు. నేను కోపిష్టిదాన్ని, నువ్వు శాంతమూర్తివి అని మన ఇంట్లో ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న మాటే కదా. పెళ్ళయిన ఏడాది మీ నాన్న మనిద్దరి చేతులూ పట్టుకుని నాడి చూసి, "పిల్లదాని నాడి కప్పలాగ గెంతుతున్నాదిరా, మావోడిది మాత్రం గడియారం" అన్నాడు. ఆ రోజు నుంచి పాలు పొంగినా, పళ్ళెం జారినా నా నాడి మీదకే వచ్చేది. నీకేమో ఆ గడియారం మాట ప్లాంటు దాకా పాకింది. గ్యాస్ లైను మీద పనికి ఎక్కే ముందూ దిగిన తరవాతా జోడీలో ఒకరి నాడి ఒకరు లెక్కపెట్టుకోవడం మీ గ్యాంగు అలవాటు. అందరికీ ఎక్కే ముందు డెబ్బై, దిగాక నూట పది. నీకు ఎక్కే ముందు తొంభై రెండు, దిగాక తొంభై నాలుగు. "ఘడీ భయ్యా" అని పేరు పెట్టేశారు. బెదరని మనిషి, ఇతన్నే ముందు పంపండి అన్నారు. ఇప్పుడు వైజాగ్ వాళ్ళు నిన్ను వదలనంటున్నదీ ఆ పేరు వినే.

ఊరికే కూచున్న మనిషికి తొంభై రెండేమిటి అని మనలో ఒక్కరికీ తట్టలేదు చూడు! ఎప్పుడైనా నువ్వు "గుండె దడగా ఉందే" అంటే అత్త దగ్గర మందు సిద్ధంగా ఉండేది. "గ్యాసు ఒంట్లో నిలిసిపోనాదే, ఇంకో బెల్లంముక్క ఎట్టు. బెల్లం గ్యాసునీ దుమ్మునీ కోసేస్తాది" అనేది. ఖుర్సీపార్‌లో ఏ ఇంట్లో అడిగినా అదే చెబుతారు. నేనూ నమ్మాను. నువ్వు గ్యాస్ సెక్షన్‌లోకి మారిన రోజు నుంచి, పదిహేడేళ్ళు, ప్రతి షిఫ్టుకీ నిమ్మకాయంత అనకాపల్లి బెల్లం గుడ్డలో మూటకట్టి నీ డబ్బాలో నేనే పెట్టాను.

ఆగస్టులో, నువ్వు వైజాగ్ వెళ్ళిన రెండు నెలలకి, ఇక్కడి తెలుగువాళ్ళ హాలులో ఒక డాక్టరమ్మ ఆదివారాలు కూచునేది. శ్రీవిద్య అని, సెక్టార్ టెన్‌లో ఉండే ఇంజినీరు పరబ్రహ్మం గారి అమ్మాయి. పెద్ద డాక్టరు చదువు చదువుతోంది. ఆ చదువు కోసం ఆడవాళ్ళ గుండె కొట్టుకునే తీరు యంత్రం మీద గీయించుకుంటోంది. అత్త నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య నిలబెట్టి, "అమ్మా, మా కోడలికి కోపం మా సెడ్డది. దీని గుండె ఒకపాలి సూడు తల్లీ, ఏదో రోజు పేలిపోతాది" అంది. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూడనీ, ఏం పేలుతుందో చూద్దాం అని బల్ల మీద పడుకున్నాను.

ఆ అమ్మాయి చేతులకీ కాళ్ళకీ తీగలు కట్టింది. అయిదు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చమంది, అయిదు లెక్కపెట్టేదాకా వదలమంది. అలా ఒక నిమిషం. యంత్రంలోంచి సన్నటి కాగితం బయటికొచ్చింది, నిండా నిలువు గీతలు. పీల్చినప్పుడు గీతలు దగ్గర దగ్గరగా పడ్డాయి, వదిలినప్పుడు ఎడం ఎడంగా పడ్డాయి. ఆ కాగితం అత్తకి చూపించి, "బామ్మగారూ, మీ కోడలి గుండె బంగారం" అంది. అత్త మొహం చూసి ఉండాల్సింది నువ్వు!

"కప్పలాగ గెంతుతున్నాది కదమ్మా?" అన్నాను.

"గెంతాలి ఆంటీ. ఊపిరి తీసుకుంటే కాస్త పరుగెత్తాలి, వదిలితే నెమ్మదించాలి. మెట్లెక్కితే పెరగాలి, పడుకుంటే తగ్గాలి. మాట వినే గుండె మంచి గుండె."

"మరి ఎప్పుడు చూసినా ఒకటే తీరు, గడియారంలాగ, తొంభై దాటి కొట్టుకునేదైతే?"

ఆ అమ్మాయి రాస్తున్నది ఆపేసింది. "ఎవరిది ఆంటీ?" అంది.

నీదని చెప్పాను. అప్పుడు కూచోబెట్టి చెప్పింది. షుగరు ముదిరితే గుండెకి వెళ్ళే నరాలు మొద్దుబారతాయట. అప్పుడు గుండె ఊపిరి మాట వినడం మానేసి, ఒకే తీరున, కాస్త వేగంగా కొట్టుకుంటుందట. ఇది డాక్టర్లకి పాత సంగతేనట. ఇప్పుడు కొత్తగా వెతుకుతున్నది ఇంకొకటి. షుగరు బయటపడక ముందే నాడి ఆ సంగతి చెప్పగలదా? ఊరికే ఉన్నప్పుడు కూడా గుండె పరుగెత్తే మనుషులకి మునుముందు షుగరు వచ్చే భయం ఎక్కువా? అలాగే కనిపిస్తోందని కొందరంటున్నారట, ఇంకా చూడాలని కొందరంటున్నారట. "నాడి పట్టుకుని షుగరుందని ఎవరూ చెప్పలేరు ఆంటీ. కంగారు వల్ల, జ్వరం వల్ల, ఇంకో పది కారణాల వల్ల కూడా వేగం ఉండొచ్చు. నాడి అనుమానం పుట్టిస్తుంది, తేల్చాల్సింది రక్తం. అంకుల్‌ని తీసుకురండి" అంది. ఆ రోజే నా రక్తం కూడా చూసింది. నాకు షుగరు లేదు. లేదని చెబితే బయటికొచ్చి ఏడ్చాను. ఎవరికి వినపడుతుందోనని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నాకొచ్చినా బాగుండేది, తిట్టుకుంటూ తిరిగేదాన్ని, బావా. నీకు తిట్టుకోవడం కూడా రాదు.

ఈ నెల మొదట్లో నీ నాడి లెక్క కాగితం మీద రాసుకుని సెక్టార్ టెన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆ లెక్క నాకెక్కడిదో కింద రాస్తాను, ఇప్పుడే అడక్కు. ఆ అమ్మాయి కాగితం చూసి వరసగా ప్రశ్నలు వేసింది. నీళ్ళు ఎక్కువ తాగుతారా? కూజా ఖాళీ చేస్తారు, ఫర్నేసు వేడికి అనుకున్నాం. దెబ్బ తగిలితే మానుతుందా? వేసవిలో బొటనవేలు కాలితే వినాయక చవితికి గాని మానలేదని నువ్వే రాశావు. చూపు? కళ్ళజోడు ఏడాదిలో రెండుసార్లు మార్చావు. ఒక్కొక్క దానికీ అవునమ్మా అంటూ పోయాను. చివరికి బెల్లం సంగతి అడిగాను.

"బెల్లం ఒక్కదాని వల్లే అని చెప్పలేం ఆంటీ. వంశం ఉంటుంది, షిఫ్టు డ్యూటీలు ఉంటాయి. కానీ గ్యాసుకి బెల్లం విరుగుడు మాత్రం కాదు. మానిపించండి."

ఆ పిల్ల నన్ను ఓదార్చడానికి అన్న మాట. నేను ఓదార్పు తీసుకోలేదు. ఇంటికొచ్చి కుండలో ఉన్న బెల్లమంతా తీసుకెళ్ళి పక్క వీధి పాలవాడి గేదెలకి పెట్టేశాను. అత్త రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మాట్లాడింది మళ్ళీ దీపావళి రోజే. నరసింగరావు గుమ్మంలో కూచుని టీ తాగుతూ, "వదినా, డాక్టరమ్మ దగ్గరకెల్లినావట. ఎందుకొచ్చిన గొడవ సెప్పు? సుగరని కాయితం మీద పడిందంటే భయ్యాని గ్యాస్ లైన్ మీద ఉంచరు. స్టోరులో బోల్టులు లెక్కెట్టుకోమంటారు. ఘడీ భయ్యా బోల్టులు లెక్కెడతాడేటి?" అన్నాడు.

"లెక్కెట్టనీ! స్టోరులో రెండు కాళ్ళతో కూచుంటాడు. నీకేటి నొప్పి?" అన్నాను.

"అది కాదు వదినా. మెడికల్‌కి మూడ్రోజుల ముందు తీపి మానేస్తే సాలు, సబ్ సాఫ్. మేమందరం అదే సేస్తన్నాం. భయ్యా కూడా నిరుడు అదే సేసినాడు."

ఇది నాకు తెలియదు బావా. ఆ మూడు రోజులూ నువ్వు బెల్లం మూట తీసుకెళ్ళి ముట్టకుండా వెనక్కి తెచ్చావు, ఆకలి లేదన్నావు. నాకు గుర్తుంది. అంటే నీకు అనుమానం ఉంది. ఉండీ నాకు చెప్పలేదు. ఈ కాగితం ఎందుకు పంపనో ఇప్పుడు అర్థమైందా? నువ్వు మూడు రోజులు నోరు కట్టుకుని సంపాదించిన కాగితం అది. దాన్ని నమ్మి నీ ఒళ్ళు ఆ గుమాస్తా చేతికి నేనిస్తానా?

నేను నరసింగరావు మీద అరుస్తుంటే అత్త లోపల్నుంచి వచ్చింది. "మా వంశంలో సుగరు లేదు. పండగపూట నా కొడుక్కి లేని రోగం అంటగడతన్నావేటే?" అంది.

"మరి మామకి ఏటయినాది అత్తా?" అన్నాను. "కాలు పుండు పడి, మోకాలి దాకా నల్లబడి కదా పోయినాడు?"

"అది ముల్లు గుచ్చుకున్నాది."

"ముల్లు గుచ్చుకుంటే మనిషి పోతాడేటి? గుచ్చుకున్నట్టు మామకి తెలిసిందా అసలు? వారం తరవాత నువ్వు కాళ్ళు కడుగుతుంటే కదా ముల్లు కనిపించింది?"

అనకూడని మాటే. కానీ అన్నాను. అత్త కూలబడిపోయింది. నరసింగరావు టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న నేను అంట్లు తోముతుంటే వెనక నిలబడి, "ఆ రక్తం పరీచ్చ వైజాగ్‌లో కూడా సేస్తారేటే?" అని అడిగింది. ఇప్పుడు నా పక్కన కూచుని ఉత్తరం రాయిస్తున్నది అందుకే. నమస్కారం పెట్టమన్నదీ, ఇంకో నాలుగు చీవాట్లు గట్టిగా పెట్టమన్నదీ ఆవిడే.

ఇక నీ చెప్పుల సంగతి. వైజాగ్ రోడ్డు మీద ఎడమకాలి చెప్పు ఊడిపోయిందని, పదడుగులు నడిచాక వెనకొచ్చేవాడు పిలిచి చెబితే గాని తెలియలేదని, సుపేలా బజారులో ఇంకో జత కొని పంపమని నవ్వుతూ రాశావు. చదివి నాకు నవ్వు రాలేదు. రోడ్డు మీద వట్టి కాలు పడితే రాయి తెలియదా? ఎండ తెలియదా? జత కొన్నాను, వెనక పట్టీ ఉన్నవి. ఇకమీదట అవే వేసుకో. రోజూ పడుకునే ముందు అరికాళ్ళు చేత్తో తడిమి చూసుకో.

ఇక అన్నిటికంటే కిందన, సిగ్గుపడుతూ చిన్న అక్షరాలతో ఒకటి అడిగావు. దసరా సెలవులో మధ్యాహ్నాలు నువ్వు నిద్రపోతుంటే నేను వచ్చి నీ చెయ్యి పట్టుకుని కూచునేదాన్నని. నీకు మెలకువ వచ్చినా, నేను వదిలేస్తానేమోనని కళ్ళు తెరిచేవాడివి కాదని. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేనిది, ఏటే ఈ మాయ అని.

దీనికి జవాబు రాయడానికే ఇంతసేపు పట్టింది. అత్తని టీ పెట్టమని లోపలికి పంపించి ఇది రాస్తున్నాను. మాయ కాదు, బావా. ముద్దూ కాదు. రజని చేతి గడియారం ఒళ్ళో పెట్టుకుని నీ నాడి లెక్కపెట్టేదాన్ని. శ్రీవిద్య నేర్పింది, బొటనవేలితో కాదు, రెండు వేళ్ళతో పట్టుకోవాలని, నిమిషమంతా లెక్కపెట్టాలని. నిన్ను డాక్టరు దగ్గరికి రమ్మంటే రావు. అందుకని దొంగతనంగా లెక్కపెట్టాను. ఏడు మధ్యాహ్నాలు. తొంభై రెండు, తొంభై నాలుగు, తొంభై మూడు, మళ్ళీ తొంభై నాలుగు. నీ ఛాతీ పైకి లేచినా అంతే, కిందికి దిగినా అంతే.

నీ ఉత్తరం వచ్చేదాకా నువ్వు నిద్రపోతున్నావనే అనుకున్నాను. నిద్రలో అంతేలే అని ఏ మూలో ఒక చిన్న ఆశ పెట్టుకున్నాను. మెలకువగానే ఉన్నానని ఇప్పుడు రాశావు. సంతోషంగా ఉందని రాశావు, వదిలేస్తానేమోనని భయపడ్డానని రాశావు. అంత సంతోషపడి, అంత భయపడి కూడా నా వేళ్ళ కింద నీ గుండె ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టుకోలేదు, బావా. నీకు నేనంటే అంత ఇష్టమని ఉత్తరం చదివితే గాని నాకు తెలియలేదు. నీ చెయ్యి చెప్పలేకపోయింది. అది చదివి ఎంత సంతోషించానో అంత వణికిపోయాను. గ్యాస్ సిలిండర్లవాడు తలుపు కొడుతున్నా లేవలేకపోయాను.

మోసం చేశానని అనుకుంటే అనుకో. క్షమించమని అడగను. ఇంకో ఏడు మధ్యాహ్నాలు దొరికితే మళ్ళీ అదే చేస్తాను.

నీకు రెండు దారులిస్తున్నాను, ఏదో ఒకటి ఎంచుకో అని రాయడం లేదు. ఉన్నది ఒకటే దారి. పరీక్ష చేయించుకో. లేదని తేలితే ఆ డాక్టరు చేతే కొత్త కాగితం రాయించుకుని గ్యాస్ గ్యాంగుకి పెద్దవి అవు, ఇంకో పదేళ్ళు అవు, నేనే ఆ కాగితం పళ్ళెంలో పెట్టి ఇచ్చి నీకు దండ వేస్తాను. ఉందని తేలితే మందులున్నాయి, తిండి పద్ధతి ఉంది, నేనున్నాను. ఘడీ భయ్యా అని పిలిచేవాళ్ళు పిలవడం మానేస్తే మానేస్తారు. వాళ్ళెవరూ మీ నాన్న కాలు కడగలేదు. అత్త కడిగింది. నేను కడగను బావా, ఆ రోజు రానివ్వను.

ఉత్తరానికి ఉత్తరం రాసి నన్ను మాటలతో చల్లార్చాలని చూడకు. నీ జవాబు వచ్చేసరికి నేను బయల్దేరిపోయి ఉంటాను. రజనిని అత్త చూసుకుంటుంది, అత్తని రజని చూసుకుంటుంది. ఇరవై ఎనిమిదో తారీకు గురువారం రాయపూర్‌లో విశాఖ పాసింజరు ఎక్కుతున్నాను. శుక్రవారం పొద్దున్న దిగుతాను. శ్రీవిద్య తనకి తెలిసిన డాక్టరుకి చీటీ రాసిచ్చింది, ఆ ఉదయమే రక్తం తీస్తారు, స్టేషన్ నుంచి తిన్నగా అక్కడికే.

మూడు రోజుల ముందు నుంచి నోరు కట్టుకునే వేషాలు వద్దు. రోజూ తినేదే తిను. గురువారం రాత్రి భోజనం చేశాక మాత్రం మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టుకోకు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నిలబడకు. ఎవరైనా పిలిచినా వెళ్ళకు. పెళ్ళయినప్పటి నుంచి నువ్వు గుమ్మంలోకి రాగానే తిన్నావా అనే అడిగాను. ఈ ఒక్కసారికి నా కోసం ఏమీ తినకుండా రా.

ఇట్లు,
నీ మేనమామ కూతురు
సత్యవాణి